తొమ్మిదో వికెట్ పడ్డాక

నాకు క్రికెట్ అంటే చిన్నప్పటి నుంచీ ఒళ్ళుమంట. ఇంట్లో ముగ్గురు అన్నదమ్ములు, ఒక్క టీవీ. మ్యాచ్ ఉన్న రోజు ఆ గదిలో కూర్చునే హక్కు కూడా నాకు ఉండేది కాదు. నేను గడప దాటి లోపలికి వస్తే వికెట్ పడుతుందని మా పెద్దన్న కనిపెట్టాడు, మిగతా ఇద్దరూ నమ్మారు. అలాంటి నా నెత్తిన దేవుడు క్రికెట్‌నే ఉద్యోగంగా రుద్దాడు. మా ఊరు ఇప్పుడు ఊరు కాదు, గచ్చిబౌలి దగ్గర ఒక బస్టాపు పేరు. ఆ బస్టాపుకు రెండు కిలోమీటర్ల దూరంలో, ఒక అద్దాల మేడ ఆరో అంతస్తులో నా సీటు. ఫోన్లలో మ్యాచ్‌లు చూపించే ఒక యాప్ ఉంది. దాని సర్వర్లకు కాపలా కాసే టీమ్‌కి నేను లీడ్‌ని.

కాపలా అంటే ఏమిటో చెప్పాలి. మ్యాచ్ చూసే జనం పెరిగితే ఆ భారం మోయడానికి యంత్రాలు పెంచాలి, జనం తగ్గితే తగ్గించాలి. ఆ యంత్రాలు ఎక్కడో ఉంటాయి, మేం వాటి మొహం కూడా చూడం. కొత్త యంత్రం లేచి పనిలోకి దిగడానికి పన్నెండు నిమిషాలు పడుతుంది. జనం మాత్రం ఒక్క నిమిషంలో వచ్చి మీద పడతారు. అందుకే రాబోయేది ముందే పసిగట్టి బటన్ నొక్కడానికి మనుషుల్ని పెట్టారు. నా తెర మీద ఒక గీత ఉంటుంది. జనం వస్తే లేస్తుంది, పోతే పడుతుంది. మూడేళ్ళ పాటు ఒక్క బంతి చూడకుండా నేను క్రికెట్‌ని ఆ గీతలోనే చూశాను. గీత నడుం విరిగినట్టు సగానికి పడిందంటే మనవాళ్ళలో పెద్దవాడెవడో అవుటయ్యాడని అర్థం.

మా టీమ్‌లో ఆ గీత వైపు అసలు చూడని మనిషి ఒకాయన ఉండేవాడు. యాభై ఒక్క ఏళ్ళు. అనంతపురం వైపు మనిషి, చందానగర్‌లో కాపురం. నన్ను "మ్మా" అనేవాడు, నేను "అన్నా" అనేదాన్ని. గోడకున్న టీవీలో ఆట చూస్తూ కూర్చునేవాడు. పనిచేయకుండా మ్యాచ్ చూస్తున్నాడని మొదట్లో నాకు మండింది. ఒకరోజు అడిగేశాను కూడా.

"గీత జరిగింది చెప్తాదిమ్మా. ఆట జరగబోయేది చెప్తాది," అన్నాడు.

పెద్ద గొప్పలే అనుకున్నాను. కానీ ఆయన "ఈ ఓవర్లో కొడతాడు, జనం వస్తారు, ఎక్కిచ్చు" అన్నాక ఐదారు నిమిషాలకు గీత లేచేది. "పేసర్‌ని పక్కన పెట్టినారు, ఇంక గంట సేపు ఎవరూ చూడరు, దించు" అంటే నిజంగానే గీత జారిపోయేది. ఇంజినీరింగ్ చదివిన పదిమందిమి కలిసి చేయలేని పని ఆయన పల్లీలు నముల్తూ చేసేవాడు. ఆ సంగతి నాకు, మా టీమ్‌కి తప్ప పైవాళ్ళకు ఎవరికీ తెలియదు. పైకి పంపే నివేదికలో "ఆయన ఆట చూసి చెప్పాడు" అని రాయడానికి గడి లేదు.

ఆయన కాంట్రాక్టు మనిషి. తొమ్మిదేళ్ళుగా మా కంపెనీలోనే పని, జీతం మాత్రం వేరే ఏజెన్సీ నుంచి. మెడలో కార్డు రంగు వేరు, ఆఫీసు బస్సులో సీటు మిగిలితేనే ఎక్కాలి, ఏడాదికోసారి ఉంటాడో ఊడతాడో తెలియని గడువు. కూతురు ఇంజినీరింగ్ రెండో ఏడు. "యాభై దాటినోణ్ణి ఒక్కసారి బయటికి పంపిస్తే మళ్ళీ ఎవరు పిలుస్తార్‌మ్మా," అన్నాడొకసారి. అది ఏడుపులాగా కాదు, బస్సు టైము చెప్పినట్టు చెప్పాడు.

ఆ ఏడు ఆస్ట్రేలియా పర్యటన మొదలయ్యే ముందు నేను మా మేనేజరును పట్టుకుని వదల్లేదు. ఆయన గోదావరి జిల్లా మనిషి, మాట మెత్తన. చివరికి, "సరేనండీ, ఐదు టెస్టులూ ఒక్క ఇన్సిడెంటు లేకుండా దాటించండి. ఆయన పేరు పర్మనెంటుకి నేనే పంపిస్తాను," అన్నాడు. ఇన్సిడెంటు అంటే జనానికి ఆట ఆగిపోవడం, తెర మీద తెల్ల చక్రం తిరగడం. ఈ మాట అన్నకు చెప్పినప్పుడు ఆయన వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాడు. తర్వాత, "ఐదు టెస్టులంటే ఇరవై ఐదు దినాలుమ్మా," అన్నాడు.

ఆస్ట్రేలియాలో ఆట మనకు పొద్దున ఐదుకు మొదలవుతుంది, పన్నెండుకు ముగుస్తుంది. ఆ షిఫ్టుకు మేమిద్దరమే, నాలుగున్నరకల్లా మా గదిలో సీట్లో ఉండాలి. ఏడింటికి అక్కడ లంచ్ ఇచ్చేవారు, ఇక్కడ ఆయన డబ్బా మూత తీసేవాడు. వాళ్ళావిడ బొరుగులతో చేసిన ఉగ్గాని, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు. ఒకటి నాదని మొదటి టెస్టులోనే తేలిపోయింది. అలా మొదటి టెస్టు డ్రాగా దాటింది, రెండోది ఓడిపోయారు, మూడోది గెలిచారు. నాలుగోది వాన మింగేసింది. మాకు మాత్రం నాలుగూ గెలుపే. ఒక్క చక్రం తిరగలేదు. నేను మొదటిసారి ఒక సిరీస్‌లో స్కోరు ఎంతో గుర్తు పెట్టుకున్నాను. మ్యాచ్‌ల స్కోరు కాదు, నాలుగు అయ్యాయి, ఒకటి ఉంది అనే స్కోరు.

ఐదో టెస్టు ఐదో రోజు. మనవాళ్ళు గెలిచే ప్రశ్నే లేదు, ఆ రోజంతా అవుటవకుండా నిలబడితే డ్రా, సిరీస్ సమం, కప్పు మన దగ్గరే ఉంటుంది. పడిపోతే కప్పు వాళ్ళది. టీ విరామానికి ఎనిమిది వికెట్లు పోయాయి. మన టైము పది. ఐటీ కారిడార్ మొత్తం అప్పుడే ఆఫీసుల్లో కూర్చుని, ఒక కన్ను పని మీద, ఒక కన్ను ఫోను మీద పెట్టే వేళ. గీత ఆకాశంలో ఉంది.

సరిగ్గా అప్పుడే నాకు క్లయింటుతో కాల్. యాప్ వాళ్ళ తరఫున ఒకాయన ముంబై నుంచి మాట్లాడతాడు. నాలుగు టెస్టులుగా ఆయనది ఒకటే పాట: మీ టీమ్ భయస్థులు, యంత్రాల్ని అవసరానికి మించి ఊరికే తిప్పి మా డబ్బు తగలేస్తున్నారు, జనం పోయాక కూడా దించరు. ఆ రోజూ అదే మొదలుపెట్టాడు. నేను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని తల ఊపుతున్నాను. ఆట మొదలైన రెండో ఓవర్లో తొమ్మిదో వికెట్ పడింది. నేను టీవీ చూడలేదు, గీత చూశాను. పై నుంచి ఎవరో తోసేసినట్టు పడిపోయింది. దేశమంతా విసుక్కుని ఫోన్లు జేబులో పెట్టుకున్నట్టుంది.

"చూశారా, ఇప్పుడు కూడా యంత్రాలన్నీ అలాగే ఉన్నాయి," అన్నాడు ముంబై ఆయన.

నాకు రోషం పొడుచుకొచ్చింది. కాల్ మ్యూట్ చేసి పక్కకు తిరిగాను. "అన్నా, ఇగ ఏమన్న ఉన్నదా?"

ఆయన టీవీ మీంచి చూపు తిప్పకుండానే, "ఏముందిమ్మా. పదకొండోవాడు బ్యాటు పట్టుకునేది చూడు, కట్టె పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. ఇంగో పది బంతులు," అన్నాడు.

"అయితే దించేద్దాం."

ఆయన ఒక్క క్షణం తటపటాయించాడు. "ఆట అయిపోనీమ్మా. పది నిమిషాలే కదా."

"నువ్వే అంటివి కదనే, పది బంతులని. ఈయన నా నెత్తి మీద కూసున్నడు. దించు జర."

మా దగ్గర ఒక నియమం ఉంది. యంత్రాలు దించాలంటే టీమ్ గ్రూపులో లీడ్ "సరే" అని రాయాలి. అది ఉంటేనే బటన్ నొక్కాలి. ఆ రోజు నేను రాయలేదు. కాల్‌లోకి తిరిగి వెళ్తూ అరచేయి చూపించి కిందికి, కిందికి అని సైగ చేశాను. నా పక్కనే కూర్చున్న మనిషికి మళ్ళీ రాయడమేమిటి? ఆయన నొక్కాడు. మూడింట రెండు వంతుల యంత్రాలు ఆగిపోయాయి. "ఇదిగోండి, దించేశాం," అని నేను ముంబై ఆయనతో గర్వంగా అన్నాను. ఆ గర్వం తలచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

పది బంతులు అయ్యాయి. ఇరవై అయ్యాయి. కట్టె పట్టుకున్నవాడు ఆ కట్టె అడ్డం పెట్టి నిలబడ్డాడు. అవతల పదోవాడు ఒంటి మీద దెబ్బలు తింటున్నాడు తప్ప కదలడం లేదు. గీత ఇంకా నేల మీదే ఉంది. నేను కాల్‌లో నవ్వుతూ ఏదో చెప్తున్నాను.

"మ్మా, ఎక్కిచ్చు," అన్నాడు ఆయన.

గీత చూశాను. కదలిక లేదు. "ఏడ లేచిందన్నా?"

"లేస్తాది. వీళ్ళు నిలబడతాండారు. ఎక్కిచ్చేయ్ బిడ్డా."

అంతకు ముందెప్పుడూ నన్ను బిడ్డా అనలేదు. కాల్ ఆపేసి పెంచమన్నాను. ఆయన అప్పటికే నొక్కేశాడు. తెర మీద లెక్క మొదలైంది: పన్నెండు నిమిషాలు.

మూడో నిమిషంలో గీత లేచింది. లేవడం కాదు, గోడలా నిలబడింది. ఒకడు పక్కవాడికి చెప్పి ఉంటాడు, వాడు ఇంకొకడికి. అంతస్తు అవతల నుంచి కేకలు వినిపించాయి, తర్వాత ఉసూరుమన్న శబ్దం. మా గది తలుపు తీసి చూశాను. బయటి వరుసలోనే నలభై ఫోన్లు ఉంటాయి. అన్నింట్లోనూ తెల్ల చక్రం తిరుగుతోంది. "ఆగింది రా బై, ఏందీ దరిద్రం," అని ఎవరో ఫోన్ తిట్టుకుంటూ కిటికీ దగ్గరికి పోతున్నాడు, అక్కడేదో ఆట కనబడుతుందన్నట్టు. అలా మియాపూర్‌లో, ముంబైలో, ఎక్కడెక్కడో ఎన్ని చక్రాలు తిరుగుతున్నాయో నా తెర మీద ఎర్రగా కనిపిస్తోంది. చేయడానికి మాకు ఏమీ లేదు. చేయాల్సింది చేసేశాం. ఇక పన్నెండో నిమిషం దాకా కూర్చుని చూడటమే. నా చేతులు కీబోర్డు మీదే ఉన్నాయి, వాటికి పని లేదు.

మా గది టీవీ డిష్ మీద నడిచేది కాబట్టి ఆగలేదు. మా ఫ్లోర్ మొత్తంలో ఆట చూస్తున్నది మేమిద్దరమే. నేను జీవితంలో మొదటిసారి బంతి బంతికీ చూశాను. నాకు అర్థమైంది ఒకటే: వాళ్ళలో ఒకడు అవుటైతే ఆట అయిపోతుంది, జనం వెళ్ళిపోతారు, గోడ కూలిపోతుంది. రెండు నిమిషాల అంతరాయం, పెద్దగా ఎవరూ పట్టించుకోరు. వాళ్ళు నిలబడిన ప్రతి బంతికీ ఆయన పర్మనెంటు కాస్త కాస్త ఊడిపోతోంది.

"అవుటవ్‌రా నాయనా, నీకు దండం పెడతా అవుటవ్," అని నేను టీవీకి చేతులు జోడించాను.

ఆయన నా వైపు చూశాడు. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. "అట్లనొద్దుమ్మా," అన్నాడు.

"ఎందుకన్నా? నీ నౌకరి పోతాంది, తెలుస్తలేదా నీకు?"

"తెల్సు. ఐనా నా నోటితో నేను అనలేను."

స్లిప్‌లో క్యాచ్ వదిలేశారు. నేను అయ్యో అన్నాను, ఆయన హమ్మయ్య అన్నాడు. ఒకే గదిలో, ఒకే బంతికి. ఆ తర్వాత ఆయన రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, బెంచీ మీద కూర్చున్న పిల్లాడిలా ముందుకీ వెనక్కీ ఊగుతూ చూశాడు. పన్నెండు నిమిషాలు అయ్యాయి, యంత్రాలు లేచాయి, చక్రాలు ఆగాయి, జనానికి ఆట తిరిగొచ్చింది. అప్పటికి వాళ్ళు పోగొట్టుకున్నది పోగొట్టుకున్నారు. ఆ క్యాచ్ వదిలేయడం మా యాప్‌లో ఎవరూ చూడలేదు. తర్వాత గంటకు పైగా ఆ ఇద్దరూ అలాగే నిలబడి డ్రా చేశారు. ఫ్లోర్ మొత్తం ఎగిరింది, ఎవరో బల్లలెక్కారు, క్యాంటీన్ వాళ్ళు స్వీట్లు పంచారు. మా గదికీ ఒక ప్లేటు వచ్చింది. ఆయన ఒకటి తీసుకుని తిన్నాడు. నేను తినలేకపోయాను.

మర్నాడు పొద్దున అద్దాల గదిలో మీటింగ్. తెర మీద ముంబై ఆయన, ఇటు మా మేనేజరు, నేను, అన్న. అలాంటి మీటింగుల్లో తప్పు ఎవరిదో కనుక్కోరట, ఎందుకు జరిగిందో కనుక్కుంటారట. మా మేనేజరు మొదటి ప్రశ్నే "ఎవరు దించారు?"

"నేనే సార్," అన్నాడు ఆయన.

"ఆట అయిపోకుండానే ఎందుకు దించారు?"

ఆ గదిలో అందరూ ఆయన ఏ యంత్రం లోపమో, ఏ నియమం లోపమో చెప్తాడనుకున్నారు. "ముప్పై ఐదేళ్ళుగా చూస్తాండాను సార్ మన టీమును. తొమ్మిది పడితే పదోది పడతాది. వీళ్ళు నిలబడతారని నేను నమ్మలేదు," అన్నాడు.

ముంబై ఆయనకు అది హిందీలోకి మార్చి చెప్పాల్సి వచ్చింది. ఆయన నవ్వాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"దించమన్నది నేను," అన్నాను. గట్టిగానే అన్నాను. "ఆయన వద్దన్నాడు. ఆట అయ్యేదాకా ఆగుదామన్నాడు. మీ కాల్‌లో ఉండి, మీకు చూపించుకోవడానికి నేనే దించమని సైగ చేశాను. తప్పు నాది."

మా మేనేజరు గ్రూపు తెరిచి పైకీ కిందికీ జరిపాడు. "మీ 'సరే' ఇక్కడ లేదండీ," అన్నాడు మెత్తగా.

"రాయలేదు. చేత్తో చెప్పాను."

"చేత్తో చెప్పింది నేనెక్కడ చూపించనండీ? బటన్ ఎవరు నొక్కారో రాసుకునే లాగ్‌లో ఆయన పేరే ఉంది. మీరు టీమ్‌ని కాపాడుకోవాలనుకోవడం మంచిదే, నాకు అర్థమైంది."

నేను మళ్ళీ చెప్పాను. మూడోసారి చెప్పేటప్పటికి నా గొంతు నాకే నాటకంలా వినిపించింది. నేను నిజం చెప్తున్నాను, వాళ్ళు నన్ను మెచ్చుకుంటున్నారు. నాకు ఒక హెచ్చరిక మెయిలు వస్తుందేమోనని ఎదురుచూశాను, అదీ రాలేదు. రాతపూర్వక అనుమతి లేకుండా దించినందుకు ఆయన మీద ఏజెన్సీకి ఉత్తరం వెళ్ళింది. గడువు ముగిశాక కొనసాగించనక్కర్లేదని అందులో ఒక వాక్యం. కరివేపాకు తీసి పక్కన పెట్టినట్టు పెట్టేశారు. హెచ్.ఆర్. దగ్గరికి రెండుసార్లు వెళ్ళాను. ఏజెన్సీ ఉద్యోగుల విషయం తమ పరిధిలోకి రాదన్నారు. ఏజెన్సీకి ఫోన్ చేస్తే, మా కంపెనీ వాళ్ళకు క్లయింటు కాబట్టి నాతో మాట్లాడకూడదన్నారు. నా తప్పును నా పేరు మీద రాయించుకోవడం కూడా నాకు చేతకాలేదు.

చివరి రోజు ఆయన నన్నే ఓదార్చాడు. "నువ్వు చెప్పినావు కదమ్మా, అందరి ముందరా. అంతకన్నా ఏం చేస్తావు?" అన్నాడు. అంతకన్నా ఏం చేయాలో నాకు ఇప్పటికీ తెలియదు. ఉద్యోగం మానేయాలని రెండు రోజులు అనుకున్నాను. మూడో రోజు ఇంటి కిరాయి, పిల్లల ఫీజు గుర్తొచ్చి ఊరుకున్నాను. ఊరుకున్నందుకు సిగ్గుపడ్డాను కానీ ఊరుకున్నాను.

కొన్ని నెలలకు ఇంగ్లండు పర్యటన మొదలైంది. మనకు మధ్యాహ్నం మూడున్నరకు ఆట. ఆయన సీట్లో కొత్తమ్మాయి వచ్చింది. చురుకైన పిల్ల, గీత మీంచి కన్ను తిప్పదు. మొదటి టెస్టు రెండో రోజు నా సెల్ మోగింది. ఆయన. ఏదో అవసరం పడిందేమో, నన్ను ఏదైనా అడుగుతాడేమో అనుకుంటూ ఎత్తాను. అడిగితే బాగుండనుకున్నాను కూడా.

"మ్మా, స్పిన్నర్‌కి బంతి ఇచ్చినారు, మనోడు వాణ్ణి ఉతుకుతాడు. ఎక్కిచ్చు," అన్నాడు. వెనక వాళ్ళింట్లో టీవీ మోత.

నేను పెంచాను. ఐదు నిమిషాలకు గీత లేచింది. కొత్తమ్మాయి నా వైపు నోరు తెరిచి చూసింది.

ఆ సిరీస్ అంతా ఆయన ఫోన్ చేస్తూనే ఉన్నాడు. ఒక్కటీ తప్పు పోలేదు. వద్దన్నా, ఎందుకన్నా నీకు ఇదంతా, అని ప్రతిసారీ అనాలనుకునేదాన్ని. ఫోన్ మోగగానే ఎత్తేదాన్ని. నాకు ఆ మాటలు కావాలి. అవి లేకుండా నేను గుడ్డిదాన్ని, ఆ సంగతి ఆయనకూ తెలుసు. నాలుగో టెస్టు అయ్యాక నా ముందుచూపును మెచ్చుకుంటూ పైనుంచి మెయిలు వచ్చింది, మొత్తం ఫ్లోరుకు కాపీలు పెట్టి. అందులో ఉన్న ముందుచూపు చందానగర్‌లో ఇంట్లో కూర్చుని ఉందని జవాబు రాశాను. పంపకుండా తుడిచేశాను. పంపినా, నేను టీమ్‌ని కాపాడుకుంటున్నానని మళ్ళీ మెచ్చుకునేవారు.

చివరి టెస్టు చివరి రోజు వాన పడి ఆట ఆగింది. గీత నేల మీద పడుకుంది. ఆయన ఫోన్ వచ్చింది. ఆ రోజు మాత్రం ఆయన నోరు తెరవకముందే అడిగేశాను.

"అన్నా, నౌకరి సంగతి ఏమైంది?"

ఆయన టీవీ మోత కాస్త తగ్గించాడు.

"చూస్తాండాలేమ్మా," అన్నాడు. "పిచ్ మీద కవర్లు తీస్తాండారు. ఆట మొదలుబెడతారు, జనం వస్తారు. ఎక్కిచ్చేయ్."

ఎక్కించాను.